ఎనిమిదీ పాయింట్ ఒకటి

సాయంత్రం ఐదూ నలభైకి పార్సిల్ వచ్చింది. ఇంత కచ్చితంగా చెబుతున్నానంటే అది నా జ్ఞాపకశక్తి గొప్పతనం కాదు. ఆ రోజుల్లో రాయ్‌పూర్‌లోని మా ఇంటికి ఏ వస్తువు వచ్చినా, దాని అట్టపెట్టె మీద వచ్చిన టైము నాన్న పెన్సిలుతో రాసేవారు. రాశాక విప్పేవారు. విప్పడమంటే పెట్టెను కాదు, వస్తువును. రైల్వే వ్యాగన్ షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. మిక్సీ అయినా, కుట్టుమిషను అయినా లోపల ఏముందో చూడకుండా వాడటం ఆయనకు మర్యాదగా తోచేది కాదు. విప్పినవాటిలో చాలావరకు మళ్ళీ పనిచేసేవి. (గోడగడియారం సంగతి మాత్రం అమ్మ ముందు ఎత్తకూడదు.)

ఆ పార్సిల్ నేను తెప్పించింది. అప్పుడు నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సును. అంతకు ఎనిమిది నెలల ముందు నాన్న టాటీబంధ్ దగ్గర స్కూటరు మీంచి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది కానీ బలం రాలేదు. అదివరకు ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ధర్సీవా దాటి ఒక చెరువుకు చేపలకు వెళ్ళేవారు. పడ్డాక అది మానేశారు. గాలపు కర్రలు తన స్నేహితుడు గార్డు మావయ్యకు ఇచ్చేశారు. (మావయ్య గూడ్సు రైళ్ళ గార్డుగా రిటైరయ్యారు. మాకు చుట్టం కాదు, చుట్టం కన్నా ఎక్కువసార్లు భోజనానికి వచ్చేవారు.) ఆదివారం మధ్యాహ్నాలు నాన్న వరండాలో కుర్చీ వేసుకుని గేటు వైపు చూస్తూ కూర్చునేవారు. "ఈయన్ని మళ్ళీ చెరువుకి పంపే ఉపాయం చూడవే. మాట్లాడే మనిషి మాట మానేశాడు," అని అమ్మ నాతో అంది.

ఉపాయం నేను చదివి కనిపెట్టాను. నెల రోజులు రాత్రి డ్యూటీ లేనప్పుడల్లా ఇంటర్నెట్‌లో గాలపు కర్రకు బిగించి దారం చుట్టే బెయిట్‌కాస్టింగ్ రీళ్ళ గురించి చదివి నోటుబుక్కులో రాసుకున్నాను. వాటికి గేరు నిష్పత్తి అని ఒక అంకె ఉంటుంది. హ్యాండిలు ఒక్కసారి తిప్పితే లోపల దారం చుట్టుకునే స్పూలు ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పే అంకె అది. ఐదూ పాయింట్ నాలుగుది ఉంది, ఆరూ పాయింట్ మూడుది ఉంది, ఎనిమిదీ పాయింట్ ఒకటిది ఉంది. నా తర్కం సరళమైనది. నొప్పి ఉన్న చెయ్యి ఎంత తక్కువ తిరిగితే అంత మంచిది. కాబట్టి ఎనిమిదీ పాయింట్ ఒకటిది తెప్పించాను. మణికట్ల గురించి నాకు తెలిసినట్టు ఆ రీళ్ళు అమ్మేవాళ్ళకు తెలియదని కూడా అనుకున్నాను.

నాన్న టైము రాసి, కాగితం పరిచి, రీలు విప్పి, ఊడదీసిన వరుసలో భాగాలు పేర్చారు. పెద్ద చక్రం మీద ఒక పంటికి పెన్సిలు గుర్తు పెట్టి పళ్ళు లెక్కపెట్టారు. తర్వాత చిన్నదానివి.

"కంపెనీవాడు అబద్ధం చెప్పలేదమ్మా. సరిగ్గా ఎనిమిదీ పాయింట్ ఒకటే," అన్నారు.

"చూశావా! నువ్వు ఒక్కసారి తిప్పితే ఎనిమిదిసార్లు తిప్పినట్టు!"

నాన్న పెద్ద చక్రాన్ని వేలితో ఒకసారి తిప్పారు. "ఓవర్‌బ్రిడ్జి ఎక్కేటప్పుడు మన స్కూటరు ఏ గేర్లో వెళ్తుంది తల్లీ?"

"రెండో గేర్లో. ఎందుకు?"

"ఊరికే."

ఆయన మాట మార్చారనుకున్నాను.

ఆ ఆదివారమే, గార్డు మావయ్య తిరిగి తెచ్చిన కర్రకు రీలు బిగించి, నాన్న, మావయ్య, నేను ముగ్గురం వెళ్ళాం. నాన్న మొదటిసారి విసరగానే దారం స్పూలు మీద పిచ్చుక గూడులా చిక్కుపడింది. విప్పడానికి అరగంట పట్టింది. రెండోసారి సరిగ్గా పడింది. ఒంటిగంట దాటాక బొచ్చె చేప పట్టింది, పెద్దది. నాన్న హ్యాండిలు తిప్పబోయారు. అది సగం తిరిగి ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించారు. కదల్లేదు.

"ఖీంచో బావా, ఖీంచో!" అని లాగమంటూ మావయ్య అరిచారు.

"తిరగట్లేదయ్యా! టాప్ గేర్లో ఘాట్ ఎక్కమంటున్నావు!"

అప్పుడు నాకు స్కూటరు సంగతి అర్థమైంది: చెయ్యి ఎంత తక్కువ తిరిగితే, ఒక్కో తిప్పుకూ అంత ఎక్కువ బలం కావాలి. నేను వెళ్ళి కర్ర పట్టుకోబోతే, "నువ్వు జరుగు," అని నాన్న రెండు చేతులా కర్రను పొట్టకు ఆనించి వెనక్కి నడవడం మొదలుపెట్టారు. చేప కొంచెం ఇటు వచ్చింది. కర్ర వంచి, ముందుకు నడుస్తూ, వదులైన దారాన్ని చుట్టుకున్నారు. బరువు లేని దారాన్ని ఆ రీలు బ్రహ్మాండంగా చుట్టింది. మళ్ళీ వెనక్కి. గార్డు మావయ్యకు ఉద్యోగం గుర్తొచ్చింది. భుజం మీది ఆకుపచ్చ తువ్వాలు తీసి ఊపుతూ, "ఆనే దో... ఆనే దో... ఔర్ ఆనే దో..." అని, రైలింజన్ని వెనక్కి రప్పించినట్టు నాన్నతో షంటింగ్ చేయించడం మొదలుపెట్టారు. ఇంజనుకు వెనక కళ్ళు లేవు, గార్డు చూపు చేప మీద ఉంది. ఇంజను చెరువు యజమాని టమాటా మళ్ళలోకి వెళ్ళిపోయింది.

"ఏ కకా! మోర్ పతాల్ లా ఝన్ ఖూంద్!" అని యజమాని పరుగెత్తుకొచ్చాడు. (పతాల్ అంటే వాళ్ళ భాషలో టమాటా. తొక్కొద్దు మహాప్రభో అంటున్నాడు.)

"దో మినిట్ భాయ్, సిగ్నల్ నహీ మిలా!" అన్నారు మావయ్య.

ఏడుసార్లు వెనక్కి, ఏడుసార్లు ముందుకు. చివరికి తన టమాటాలు కాపాడుకోవడానికి యజమానే నీళ్ళలోకి దిగి చేపను వలలోకి ఎత్తాడు. నలిగిన టమాటాలన్నీ మేమే కొన్నాం. సాయంత్రం పులుసులోకి అవే.

గట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుంటుండగా మావయ్య రీలును అటూ ఇటూ తిప్పి చూశారు. "అరె బేటీ, హ్యాండిలు ఎడమవైపు ఉండేది దొరకదా? బావకి ఎడమ చెయ్యి ఏక్‌దమ్ ఫస్ట్‌క్లాస్ కదా."

దొరుకుతుంది. నెల రోజులు నిష్పత్తులు చదివిన నేను, హ్యాండిలు ఏ వైపు ఉందో చూడలేదు. విరిగింది ఏ చెయ్యో ఆ ఇంట్లో అందరికన్నా బాగా తెలిసినదాన్ని నేనే.

"నీకు ముందే తెలుసా నాన్నా?"

"పళ్ళు లెక్కపెట్టినప్పుడే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే వెనక్కి పంపించేసేదానివి. మళ్ళీ నెల రోజులు చదివేదానివి." ఆయన చెప్పుకు అంటిన టమాటా గుజ్జును గడ్డికి రాశారు. "ఈ ఆదివారం పోయేది కదమ్మా."

తర్వాతి రీలు ఆయనే ఎంచుకున్నారు, రెండు నిమిషాల్లో. ఐదూ పాయింట్ నాలుగు, ఎడమ చేతిది. దాంతో చాలా ఏళ్ళు చేపలు పట్టారు, ఇంటికొచ్చి ప్రతి చేప గురించీ అమ్మకు విసుగు పుట్టేదాకా చెప్పారు. ఆ నోటుబుక్కు ఈమధ్య బయటపడింది. 'ఎనిమిదీ పాయింట్ ఒకటి' కింద మూడు గీతలు గీసుకున్నాను, అంత నమ్మకంగా ఆ తర్వాత నేను ఏ అంకె కిందా గీత గీయలేదు. ఆ అమ్మాయిని చూస్తే నవ్వొస్తుంది. నాన్న పోయి రెండేళ్ళయింది. గార్డు మావయ్య ఒక్కరే వెళ్ళనన్నారు. ఆదివారాలు ఆ చెరువుకు ఇప్పుడు మేమెవరమూ వెళ్ళడం లేదు.