మొదళ్ళు పీకనివ్వని గుర్వయ్య

కొత్తకోట దగ్గరి ఊళ్ళో గుర్వయ్యంత మొండిఘటం ఇంకొకడు లేడు. వయసులో ఉన్నప్పుడు బొగ్గుబట్టీల కోసం పడమటి గుట్టనంతా నరికిపోసింది అతనే. ఆ మాట దాచుకోడు. అయితే నరకడంలో అతనికో పట్టింపు ఉండేది. మొదలు జానెడు వదిలి, వాననీళ్ళు నిలవకుండా ఏటవాలుగా కొట్టేవాడు. మొద్దును వేళ్ళతో సహా పెళ్ళగించబోయిన కూలీనొకణ్ణి గొడ్డలి కామ తిరగేసి వీపు చిట్లేలా బాదాడు కూడా.

బట్టీలు మూతపడ్డాక ఆ మొద్దులన్నీ చిగుళ్ళేశాయి. పదిహేనేళ్ళలో గుట్ట మళ్ళీ అడివైంది. తునికిపండ్లు, బండి కట్టెకు బిల్లుడు చెట్లు, గొడ్డలి కామలకు చిరుమాను, వానలు తగ్గేసరికి బుట్టలకొద్దీ సీతాఫలాలు. అతని భార్య గోపమ్మ అక్కడి మోదుగాకుతోనే విస్తర్లు కుట్టి ఇల్లు నడిపింది.

తెలంగాణ వచ్చిన నాలుగేళ్ళకు, మొక్కలు నాటే కాంట్రాక్టు పట్టిన గిరి జేసీబీతో గుట్టెక్కాడు. అతని కాగితాల్లో అది ఖాళీ జాగా. ఎవరూ నాటని చెట్లు లెక్కలోకి రావట! ఆ తెలివిని చెప్పుచ్చుకుని కొట్టాలి.

"నరికితే మల్ల మొలుస్తది సారూ. ఏర్లు పీకితే సచ్చిపోతది. జర ఆగు," అని గుర్వయ్య మొదట బతిమాలాడు.

"పిచ్చిచెట్లకు ఇంత ఫికరా? పక్కకు జరుగు ముసలోడా," అన్నాడు గిరి.

జేసీబీ ఒక మోదుగ మొద్దును వేళ్ళతో సహా పైకి లాగింది. గుర్వయ్య ఇంకేం చూడలేదు. గొడ్డలెత్తి మిషన్ పైపు మీద ఒక్కటిచ్చాడు. నూనె చిమ్మి డ్రైవర్ రఘుపతి మొహం నిండా పడింది. రఘుపతి ఇనుపరాడ్డుతో దిగి, గుర్వయ్య కుడిచెయ్యి బండకు అదిమి మణికట్టు చితక్కొట్టాడు. అడ్డమొచ్చిన గోపమ్మను గిరి జుట్టు పట్టి ఈడ్చి పారేశాడు.

కేసు మాత్రం గుర్వయ్య మీదే అయింది, మిషన్ పగలగొట్టాడని. పద్నాలుగు రోజులు జైల్లో ఉండి, చేతికి పిండికట్టుతో తిరిగొచ్చాడు. గోపమ్మను వెంటబెట్టుకుని నేరుగా గుట్టెక్కాడు. ఒక్క మొద్దు మిగల్లేదు. వరుసగా గుంతలు, గుంతకో వాడిన మొక్క.

పని చూస్తున్న గిరి నవ్వుతూ దగ్గరికొచ్చాడు. "పాత సంగతులు ఇడిసెయ్ గుర్వన్నా. నీకు చెట్లంటే పానం గదా. గీ మొక్కలకు కావలుండు."

గుర్వయ్య అతని చెంప పగలగొట్టాడు. కోపంలో కుడిచేత్తోనే కొట్టాడు. పిండికట్టు పగిలి, అతుక్కుంటున్న ఎముక మళ్ళీ విరిగింది. గిరి నోట్లోంచి నెత్తురు కారింది. గుర్వయ్య గుంత పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"బాగ నొస్తాందా?" అంది గోపమ్మ, ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

"ఒక్క మోదుగన్న ఇడిసిపెట్టలేదే," అన్నాడు గుర్వయ్య.