స్టెబిలైజర్ తీసేస్తేనే కబడ్డీ

కోరుట్లలోని మా ఇంటి గోడలు రెండడుగుల మందం. ముందుగది వైఫై వెనకగది టీవీ దాకా రాదు. ఈ సాయంత్రం మనవరాలి కబడ్డీ ఫైనల్ లైవ్. వైఫైని నమ్ముకుంటే పిల్ల కూతకు వెళ్లిన చోటే బొమ్మ ఆగిపోతుందని, కరెంటు తీగల్లోంచి నెట్ పంపే ప్లగ్గుల జత తెప్పించాను. ఒకటి రౌటర్ దగ్గర, ఒకటి టీవీ దగ్గర నేనే పెట్టాను. టీవీ దగ్గరి ప్లగ్గు లైటు వెలగలేదు. ఆటకు పది నిమిషాలుందనగా ఎలక్ట్రీషియన్ రాజేశం వచ్చాడు.

"గిది స్టెబిలైజర్‌కెందుకు పెట్టిండ్రు, టీచరమ్మా?"

"కొత్త వస్తువు, కాలిపోతదని పెట్టిన. ఫ్రిజ్జుకున్న మర్యాద దీనికుండద్దా?"

"దీనికి గా మర్యాదనే అడ్డం. స్టెబిలైజర్ నెట్టును ఆపేస్తది. సీదా గోడకు పెట్టాలె."

గోడకు పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. మనవరాలు కూతకు వెళ్లి ఇద్దరిని అవుట్ చేసి వచ్చేదాకా బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు.

రాజేశం నవ్వకుండా చాయ్ తాగి వెళ్లాడు. బడిలో అతనికి కరెంటు పాఠం చెప్పింది నేనే మరి. మీరూ ఇలా అతిజాగ్రత్తతో ఏదైనా పని చెడగొట్టుకొని ఉంటే చెప్పండి, నాకు కాస్త తోడుగా ఉంటుంది.