ఉత్తరానికి జరిపిన కంప్యూటర్

మొన్న మా అమ్మాయి నా ఫోనులో అక్కరలేని యాప్ ఏదో ఉంటే వేలితో నొక్కిపట్టి క్షణంలో తీసేసింది. "ఇంతేనా?" అన్నాను. తనకు నవ్వొచ్చింది. నాకు మా బావ గుర్తొచ్చాడు. ఆయన మీద పడ్డ మాటొకటి ఇప్పటికైనా సరిచెయ్యాలి.

తొంభైల చివర్లో పావగడలో వరుసగా వానలు లేక, వేరుశనగ చేతికి రాక, మా ఇల్లు అక్క టైపు చేసే స్కూలు ప్రశ్నపత్రాల మీదే నడిచేది. ఆ పని కోసమే బావ బెంగళూరులో పాత కంప్యూటరొకటి కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అందులో ఎవరో ఎక్కించిన జాతకాల ప్రోగ్రాం ఉండేది. ఆన్ చెయ్యగానే తెరనిండా వెంకటేశ్వరస్వామి వచ్చి నిలబడేవాడు, ఇక చాలాసేపటిదాకా ఏ పనీ సాగేది కాదు. అమ్మ మాత్రం రోజూ ఊదుబత్తి చూపించేది. పరీక్షలు రేపనగా మిషన్ పూర్తిగా మొరాయించింది. పేపర్లన్నీ లోపలే, ఫ్లాపీలోకి ఎక్కించే సందు కూడా ఇవ్వలేదు. సాయంత్రానికి ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. బావ పొద్దున్నుంచీ ఆ ప్రోగ్రాంను తీసేస్తూనే ఉన్నాడు. మళ్లీ ఆన్ చేస్తే స్వామి మళ్లీ ప్రత్యక్షం. అక్క అన్నం ముట్టలేదు.

చివరికి మధ్యాహ్నం దాని వేరు దొరికింది. "పోతా ఉండాది. అయ్యేదాకా ఎవురూ ముట్టుకోవద్దండప్పా," అన్నాడు బావ.

"దేవుణ్ణి అట్ల పీకేస్తారేంది? ముందే వానల్లేవు," అంది అమ్మ.

"ఉద్వాసన చెప్పి పంపీమ్మా, పోతాడు," అన్నాను విసుగ్గా.

పూజయ్యాక కలశాన్ని కాస్త ఉత్తరానికి జరిపి దేవుణ్ణి సాగనంపడం మా ఇంటి అలవాటు. బావ నీళ్లు తాగడానికి లేచాడు. అమ్మ కంప్యూటర్ పెట్టె మీద అక్షింతలు వేసి, రెండు చేతులా ఉత్తరానికి జరిపింది. వైరు ఊడొచ్చింది. తెర నల్లబడింది.

"పోయినాడు," అంది అమ్మ తృప్తిగా.

మళ్లీ పెడితే ఆ మిషన్ లేవలేదు. పేపర్లూ పోయాయి, స్కూలు పనీ పోయింది. నాన్న వచ్చి, "ఎవురు ముట్టినారు?" అన్నాడు. నేను అమ్మ వైపు చూశాను. బావ నా వైపు చూశాడు.

"నేనే మామా. తెలీక ఏందో నొక్కినా."

అక్క ఆయనతో నెల్లాళ్లు సరిగా మాట్లాడలేదు. బజారులో ఆయన్ను 'కంప్యూటర్ చెడిపినాయప్ప' అని పిలిచేవారు. ఆయనా నవ్వేవాడు, వాళ్లతో కలిసి నేనూ నవ్వాను. పోయిన ఏడాది బావ చనిపోయాడు. అందరికీ నిజం చెప్పడానికి ఇంకా రోజులున్నాయిలే అని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ రోజులు నాకు మాత్రమే మిగిలాయి.