పడుకోబెట్టి తెచ్చిన ఫ్రీజర్

కొత్త ల్యాబుకు గది దొరికింది గానీ పరికరాలకు నిధులు రాలేదు. అందుకే తార్నాకలో మూతపడిన ఒక మందుల కంపెనీ ల్యాబు సామాను అమ్ముతున్నారనగానే నేనూ, నా దగ్గర రీసెర్చ్ చేస్తున్న అమ్మాయీ పరుగెత్తాం. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్ ఒకటి నచ్చింది. ఆ అమ్మాయి తన ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకున్న రక్త నమూనాలు పక్క డిపార్ట్‌మెంటు ఫ్రీజర్లో ఓ మూల తలదాచుకుంటున్నాయి. ఆమె పీహెచ్‌డీ అంతా వాటి మీదే. ఎప్పుడు తీసేస్తారని ఆ డిపార్ట్‌మెంటు వాళ్లు రోజూ అడుగుతున్నారు.

ఆ కంపెనీ ఉన్న సందులో ఇంటర్నెట్ వైర్లు చేతికందేంత కిందికి వేలాడుతున్నాయి. ఫ్రీజర్ని నిలబెడితే ట్రాలీ ఆటో కదలదు. పడుకోబెట్టాం. అమ్మినాయన అప్పుడే హెచ్చరించాడు.

"గాడ నిలవెట్టినంక ఒక రోజు ఆగున్రి మేడం. కంప్రెసర్ల నూనె మల్ల కిందికి దిగాలె. గప్పటిదాంక కరెంటు ఇయ్యకున్రి."

క్యాంపస్‌కు చేరేసరికి మా హెడ్ సారు కొబ్బరికాయతో సిద్ధంగా ఉన్నారు.

"ఒక రోజు ఆగాలంట సార్," అన్నాను.

"రేపు అమావాస్యమ్మా. కొత్త ల్యాబు అమావాస్య నాడు షురూ చేస్తవా? అసలే సెకండ్‌హ్యాండ్ సామాను, ఎవరి దిష్టి ఉన్నదో ఏందో. ఇయ్యాల్నే ఆన్ చేయి."

నాకు గది ఇప్పించింది ఆయనే. ఎల్లుండి చేద్దామని అనాల్సింది, సరే సార్ అన్నాను.

పసుపు, కుంకుమ, బంతిపూల దండ. పెళ్లికూతురు కూడా అంత ముస్తాబవదు. నిమ్మకాయ కోసి దిష్టి తీశాక స్విచ్ వేశారు. మోటారు మోగింది, అందరం చప్పట్లు కొట్టాం. రెండు రోజులు చక్కగా చల్లబడింది. నమ్మి, నమూనాలన్నీ అందులోకి మార్చాం.

ఆదివారం ఎవరూ లేనప్పుడు, నూనె అందక కంప్రెసర్ పట్టేసి ఆగిపోయింది. సోమవారం తలుపు తీస్తే ట్యూబుల్లో నమూనాలన్నీ కరిగిపోయి ఉన్నాయి. ముట్టుకుంటే చల్లదనం లేదు; ఇక ఒక్కటీ పనికిరాదు. సారు వచ్చి చూసి, "పాత సామాను గింతే," అని వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద ఎంత కోపమొచ్చిందో, ఆయన ముందు చేతులు కట్టుకు నిలబడ్డ నా మీద అంతకు రెట్టింపు వచ్చింది.

ఆ అమ్మాయి ఏడవలేదు. తడిసిన ట్యూబుల్ని ఒక్కొక్కటే తుడుస్తూ కూర్చుంది.

"సూదంటే భయపడే ముసలోళ్లు మేడం. నా మొకం జూసి చెయ్యి చాపిన్రు. మల్ల ఏమని అడగాలె?"

"నేనూ వస్తా. ఇద్దరం కలిసి అడుగుదాం," అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

"మీరొస్తే వాళ్లు వద్దనలేరు మేడం. అంత పెద్ద సదువుకున్న మేడం అడుగుతుంటే ఎట్ల కాదంటమని, ఇష్టం లేకున్నా చెయ్యి చాపుతరు. మీరు రావొద్దు. వద్దనెటోళ్లను వద్దననియ్యాలె."