‘ఏమీ లేదు’ అని అచ్చయిన కార్డు

మా కంప్యూటర్ సార్ పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. అప్పటి నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకొచ్చానో మరిచిపోతాను.

తొంభైల చివర్లో ఆర్మూర్‌లో పసుపు దుకాణాల మీది అంతస్తులో ఉండేది ఆయన సెంటర్. నేను మోర్తాడ్ నుంచి బస్సులో వచ్చేదాన్ని. కింద సంచి దులిపితే పైన కీబోర్డు పచ్చబడేది. ఒక్కో మీటా తుడిస్తే గానీ సార్ పాఠం మొదలుపెట్టేవారు కాదు.

“ఆబ్జెక్టుల గా ప్రాపర్టీకి విలువెంతని తర్వాత అడుగు బిడ్డా. అసలు ప్రాపర్టీ ఉన్నదా అని ముందుగాల అడుగు,” అనేవారు రోజూ. ఆబ్జెక్టు అంటే ప్రోగ్రాంలో ఒక మనిషి కార్డు లాంటిది, ప్రాపర్టీ అంటే ఆ కార్డులో ఒక గడి. విని విని మాకు విసుగు.

ఆర్మూర్‌లోనే ఒక ప్రైవేటు దవాఖానకు సెంటర్ తరఫున రోగుల కార్డులు అచ్చువేసే ప్రోగ్రాం రాశాను. గొప్ప కోసం సార్‌కు చూపించకుండానే ఇచ్చి వచ్చాను. మర్నాడు చూపిస్తే ఒక వరుస దగ్గర ఆగారు.

“‘పడని మందు’ ప్రాపర్టీ లేకుంటే ఏం అచ్చయితది?”

“‘ఏమీ లేదు’ అని, సార్.”

“లేదని ఎవరు చెప్పిన్రు నీకు? మనం అడగలే, గంతే.”

వెంటనే స్కూటర్ తీశారు. వెనక నేను. దవాఖానలో నర్సు ఒక చేతిలో నా ప్రోగ్రాం అచ్చువేసిన కార్డు, ఇంకో చేతిలో సూది. ఎదురుగా బీడీలు చుట్టే ఒకామె. సార్ గుమ్మంలోంచే అడిగారు.

“అక్కా, నీకెన్నడన్న ఏ సూదన్న పడకపోయిందా?”

“నిరుడు గొంతునొప్పికి ఇస్తే ఊపిరాడలే సారూ. సచ్చి బతికిన.”

ఇప్పుడూ గొంతునొప్పికే వచ్చింది. నర్సు సూదిని ట్రేలో పెట్టేసింది.

“ఎవరు రాసిన్రు దీన్ని?” అని లోపలి గదిలోంచి వచ్చి కార్డు చూసి అరిచారు డాక్టర్. నేను నోరు తెరిచేలోపే, “నేనే సార్. నేనే చూసి పంపిన,” అన్నారు మా సార్. నోరు తెరిచేలోపే అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నేను నోరు తెరవనే లేదు.

సార్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ప్రాపర్టీ లేకపోతే ‘అడగలేదు’ అని అచ్చయ్యేలా ఒకే వరుస మార్పించారు. ఆ దవాఖాన ఆయనకు మళ్లీ పని ఇవ్వలేదు. డాక్టర్‌కు నిజం చెబుదామని రెండుసార్లు బయల్దేరాను. రెండుసార్లూ దారిలోనే బస్సు దిగి వెనక్కి వచ్చాను. ఇప్పుడు చెప్పినా సార్ వినరు.

ఆ రోజు దవాఖాన బయట స్కూటర్‌కు కిక్ కొట్టబోతే రెండుసార్లు ఆయన కాలు జారింది. “నడుద్దాం పా బిడ్డా,” అని స్కూటర్ తోసుకుంటూ మార్కెట్ మీదుగా నడిచారు. ఎదురైన ప్రతివాళ్లూ “పెట్రోల్ అయిపోయిందా సార్?” అంటుంటే, నవ్వి, అవునంటున్నారు. నేను కనీసం ఒక చెయ్యి కూడా వేయకుండా వెనకే నడుస్తున్నాను.