గట్టు అన్న మాట నాది కాదు

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒక మాట బరువు మోస్తున్నాను. అది నాది కాదు. నాదేనని అందరూ అనుకున్నారు. నేను అనుకోనిచ్చాను.

గుంటూరులో వైద్య విద్యార్థులకు అనాటమీ చెప్పేదాన్ని. తేదీల్లో, మార్కుల్లో పొరపాటు రానివ్వనని నాకు పేరు. మీరూ ఒకసారి నడుము పక్కన చెయ్యి వేసి, కొంచెం కిందికి నొక్కి చూడండి. గట్టిగా ఒక అంచు తగులుతుంది. కటి ఎముక పై అంచు అది. పాఠంలో పేరు ఇలియాక్ క్రెస్ట్. పొట్ట కండరాలు పైనుంచి, పిరుదు కండరాలు కిందనుంచి దాన్ని పట్టుకుని ఉంటాయి. ఇన్నేళ్ళు చూసినా దానిమీద నాకు ముచ్చట తీరలేదు.

ముప్పై రెండేళ్ళ కిందట వైవాలో, అదే నోటి పరీక్షలో, కనిగిరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆ ఎముకను చేతిలోకి తీసుకుంది. ఇంగ్లీషు పేరు నోటికి రాలేదు. ముందు కొస నుంచి వెనక కొస దాకా అంచు మీద వేలు నడిపించింది.

"ఇది గట్టండి. పైచేను పొట్టది, కిందిచేను పిరుదుది. రెండూ దీన్నే పట్టుకుంటాయి, ఒక్కటీ దాటదు. మిరపకోతలకి పోయినప్పుడు మా తమ్ముణ్ణి ఇక్కడే కూర్చోబెట్టుకునేదాన్ని. చంకనెత్తుకున్నామంటాం గానీండి, చంకేం మోస్తుంది? బరువంతా దీనిదే."

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ నవ్వాడు. "పొలం కౌలుకిస్తావా ఏంటమ్మా?" అని నావైపు తిరిగాడు. "ఏమంటారు మేడమ్?"

అంత చక్కని జవాబు నేను అంతకుముందు వినలేదు.

"సరిగ్గా చదవలేదండీ" అన్నాను.

ఎందుకన్నాను? నా విద్యార్థులు తెలుగులో జవాబులు చెబుతారని ఆయన అనుకుంటాడనా? అంత చిన్నదానికా? ఆమె పరీక్ష తప్పింది. తోటివాళ్ళు పై తరగతికి వెళ్తే ఆరు నెలలు ఒక్కతే వెనక ఉండిపోయింది.

మరుసటి ఏడు క్లాసులో ఆ ఎముక ఎత్తి పట్టుకుని "ఇది గట్టు" అన్నాను. చేల సంగతి చెప్పాను, చంక సంగతి చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. రిటైరయ్యేదాకా ప్రతి బ్యాచీ కొట్టింది. ఎవరి మాట అని ఒక్కరూ అడగలేదు. అడిగితే మాత్రం చెప్పేదాన్నా?

పోయిన నెల తుంటి నొప్పితో బ్రాడీపేటలో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి ఎముకల డాక్టరు ఆ కనిగిరి అమ్మాయే. బోర్డు మీద పేరు చూసే లోపలికి వెళ్ళాను, ఈసారి చెప్పేద్దామనే. నా నడుము పక్కన వేలు నడిపించింది, ఆ రోజులాగే, ముందు నుంచి వెనక్కి.

"గట్టు బాగానే ఉంది మేడమ్. తేడా అంతా కిందిచేలోనే" అని నవ్వింది. తర్వాత నా మొహంలోకి చూసి, "మా జూనియర్లంతా ఇది మీ మాటేనంటారండి" అంది.

"అవునమ్మా" అన్నాను.

ఆమె మందులు రాసింది. ఫీజు తీసుకోలేదు.

అందుకే మీకు చెబుతున్నాను. పేరు చంక తీసుకుంది, బరువు గట్టు మోసింది. ఆ మాట ఆ అమ్మాయిది. ఇదిగో, రాశాను.