కరెంటు పోయిందని కూడా రాయించిన మేడం

మా మేడం పోయారన్న కబురు నాకు కొత్తగూడెం కోర్టు క్యాంటీన్‌లో, నోట్లో మిరపకాయ బజ్జీ ఉండగా అందింది. ఖమ్మం నుంచి ఆమె గుమాస్తా ఫోన్ చేసి, "అక్కా, పొద్దున మేడం పోయింది. నిద్రలనే పోయిందట" అన్నాడు. బజ్జీ మింగాలో ఉమ్మాలో తెలియక అలాగే నిలబడిపోయాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే చూసినవాళ్ళు మిరపకాయ ఘాటనుకుని మంచినీళ్ళు అందిస్తున్నారు. ఆమే పక్కన ఉండి ఉంటే, "ముందు అది మింగు పిల్లా, ఏడుపు యాడికీ పోదు" అనేవారు. మింగాను. తర్వాత క్యాంటీన్ వెనక్కి పోయి బాగా ఏడ్చాను.

ఆమె దగ్గర జూనియర్‌గా చేరేనాటికి నాకు ముక్కు మీదే కోపం. మాది జూలూరుపాడు. మా ఇంట్లో నల్లకోటు తొడిగిన మొదటి మనిషిని నేనే, అందుకని తల కాస్త ఎగరేసుకునే వచ్చాను. మేడం నన్ను కిందికీ మీదికీ చూసి, "కోపం మంచిదే. దాన్ని కాగితం మీద పెట్టు, నా మీద పెట్టకు" అని నవ్వి, నా చేతిలో గుప్పెడు తునికి పండ్లు పోశారు. భద్రాచలం అవతలి అడవి ఊళ్ళ నుంచి వచ్చే క్లయింట్లు తెచ్చే పండ్లవి. వాళ్ళు ఆమెను వకీలమ్మ అనేవారు. వాళ్ళు కోయ భాషలో మాట్లాడుకుంటుంటే ఈవిడ పండు చప్పరిస్తూ, అర్థమైనంత విని, కానిది మళ్ళీ అడిగేవారు. అర్థం కాలేదని చెప్పడానికి ఆమె ఎన్నడూ సిగ్గుపడలేదు.

మేడం ఇల్లు ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో. అక్కడి నుంచి కోర్టుకు షేర్ ఆటోలోనే రావాలి, అదొక పట్టు. ఆటోలో కూర్చుని ఆ రోజు చెప్పబోయే వాదనంతా పెద్దగా వినిపించేవారు. నేను సిగ్గుతో బయటికి చూస్తూ కూర్చునేదాన్ని. కూరలమ్మే ఆమె, ట్యూషన్ పిల్లలు, దవాఖానాకు పోయే ముసలాయన, అందరూ జడ్జీలే. వాళ్ళకు అర్థం కాని పాయింటు కోర్టు మెట్లెక్కేది కాదు. "వాళ్ళకే పట్టలేదంటే మనకే సరిగ పట్టలేదన్నట్టు" అనేవారు.

ఆ రోజుల్లోనే ఐటీ చట్టం వచ్చింది. సాక్ష్య చట్టంలో అరవై అయిదు-బి అని కొత్త సెక్షన్ చేరింది. కంప్యూటర్లో ఉన్నదాన్ని అచ్చు తీసి కోర్టులో పెడితే ఎప్పుడు చెల్లుతుందో చెప్పే సెక్షన్ అది. మా బార్‌లో పెద్దలంతా, "గదంతా హైదరాబాదోళ్ళకు, మనకెందుకు" అని పుస్తకం మూసేశారు. మేడం మాత్రం చెప్పులేసుకుని, నన్ను వెంటేసుకుని బస్టాండు వెనక సందులో ఉన్న నెట్ సెంటరుకు బయలుదేరారు. ఆ వయసులో మౌసు పట్టుకోవడం నేర్చుకున్నారు. బాణం గుర్తు ఎటో పారిపోతుంటే, "ఆగవే, యాడికి పోతున్నవ్" అని దాన్ని తిట్టేవారు. సెంటరంతా ఒకటే నవ్వు.

ఆ సెంటరు ఓనరు గురించి చెప్పి తీరాలి. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. సందులోని వాళ్ళంతా ఆయన్ని నెట్టన్న అనేవారు. మనిషికో ఈమెయిల్ ఐడీ, దానికో పాస్‌వర్డు అంటే ఎవరు గుర్తు పెట్టుకుంటారని, సందు మొత్తానికీ కలిపి ఒకే ఐడీ చేసి పెట్టాడు. పూర్వం కిరాణా కొట్టు కేరాఫ్ అడ్రసుకు ఉత్తరాలు వచ్చేవి కదా, అలాగన్నమాట. పిల్లల పరీక్షా ఫలితాలు, మిర్చి ధరలు, పెళ్ళి సంబంధాలు అన్నీ అందులోకే. వచ్చిన మెయిలు నెట్టన్న ఊరికే చూపించడు, లేచి నిలబడి పెద్దగా చదువుతాడు. నాకు ఒళ్ళు మండి, "అన్నా, ఒకరి మెయిలు ఇంకొకరు వినకూడదు" అంటే, "మంచి కబురు దాచుకుంటరా చెల్లె?" అని నన్నే ఎదురడిగాడు.

అదే సందులో ఒక బ్యాండ్ మాస్టర్. తాతల నాటి నుంచి ఆ ముస్లిం కుటుంబానిది పెళ్ళి బ్యాండే. మాస్టర్ క్లారినెట్ ఎత్తాడంటే పెళ్ళివారి ముసలమ్మలు కూడా గుమ్మం దిగాల్సిందే. ఒక శ్రావణంలో భద్రాచలం పెళ్ళికి పోయారు. గోదావరి పొంగి సత్రంలోకి నీళ్ళొస్తే అందరూ డ్రమ్ములెత్తుకుని మేడ మీదికి పరుగెత్తారు. క్లారినెట్ పెట్టె కింద ఉండిపోయింది. తెల్లారేసరికి లేదు.

మాస్టర్ ఉన్నదంతా ఊడ్చి, నెట్టన్న చేత ఎక్కడో పెద్ద నగరంలోని కంపెనీ వెబ్‌సైటులో కొత్త క్లారినెట్‌కు ఆర్డరు పెట్టించాడు. కంపెనీ నుంచి మెయిలు వచ్చింది: మీరు కోరిన నల్లచెక్క క్లారినెట్, వెండి మీటలది, పంపుతున్నాం అని. నెట్టన్న చదివాడు, సందంతా చప్పట్లు కొట్టింది. కొన్నాళ్ళకు పార్సిల్ వచ్చింది. విప్పితే పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ పీపీ! అడిగితే కంపెనీవాళ్ళు, మీరు కోరింది అదే పొమ్మన్నారు. వెబ్‌సైటులో ఆ క్లారినెట్ బొమ్మే తీసేశారు. మిగిలింది ఆ మెయిలొక్కటే.

మేడం దగ్గరికి మాస్టర్ రాలేదు, ఆయన భార్య వచ్చింది. "అమ్మా, పోయిన మాఘం ఖాళీగ పోయింది. క్లారినెట్ లేని బ్యాండును ఎవరు పిలుస్తరు? ఈ మాఘానికి గూడ రాకుంటే డ్రమ్ములోళ్ళను వేరే బ్యాండుకు పొమ్మంటడట, ఇగ బ్యాండు బంద్ అంటడు. పొద్దున లేస్తే ఊదుగొట్టం పట్టుకుని దాని మీద వేళ్ళాడిస్తుండు. పొయ్యి కాడ నాకు ఊదుగొట్టం దొరుకుతలేదు" అంది. చెబుతూ నవ్వబోయి ఏడ్చేసింది. మేడం ఆమె చెయ్యి పట్టుకుని, "మాఘానికి ఆయన చేతుల పెడతా" అన్నారు. కోర్టు మనిషి ఏనాడూ ఇవ్వకూడని మాట అది. నేను గుడ్లు తేలేశాను.

వినియోగదారుల ఫోరంలో కేసు వేశాం. కంపెనీ మొదటి మాట, మీరు ఆర్డరు పెట్టేటప్పుడు అంగీకరిస్తున్నాను అని నొక్కారు, కాబట్టి మా నగరానికి వచ్చి పోరాడండి అని. ఆ వాదన మేడం ఆటోలో వినిపించారు. "వాళ్ళు అక్కడ మీట నొక్కితే మెయిలు ఇక్కడ చదివిన్రు. బేరం యాడ కుదిరినట్టు?" కూరలామె తోటకూర కట్ట సర్దుకుంటూ, "మాట చెవిన వడ్డ కాడనే గద" అంది. మేడం మురిసిపోయారు. మెయిలు అందుకున్నవాడి వ్యాపారం ఎక్కడుందో అక్కడే అందినట్టు లెక్క అని కొత్త చట్టంలో ఉంది, పైగా పార్సిల్ విప్పిందీ ఖమ్మంలోనే. ఫోరం ఆ మాట ఒప్పుకుంది.

అసలు తిప్పలు మెయిలు దగ్గర. నిజానికి ఫోరంలో సాక్ష్య చట్టం అక్షరాలా పాటించక్కర్లేదు. ఆ మాటే అన్నాను. "ఇయ్యాల తప్పించుకుంటం. రేపు సివిల్ కోర్టుల ఇంకో మాస్టర్ వస్తడు, అప్పుడేం జేస్తవ్? పక్కాగ పెడదాం" అన్నారు మేడం. సెక్షన్ ప్రకారం, ఆ కంప్యూటరును చూసుకునే మనిషి సర్టిఫికెట్ ఇవ్వాలి. మిషను సరిగ్గా పనిచేసింది, అందులో ఉన్నదే ఈ కాగితం మీద ఉంది అని. నేను చకచకా టైపు చేసి సంతకం కోసం నెట్టన్న ముందు పెట్టాను.

"పెట్టను చెల్లె" అన్నాడు.

"ఏందన్నా మళ్ళ?"

"మిషను మంచిగ నడిచిందని రాసిన్రు. యాడ నడిచింది? మెయిలు సగం సదువంగనే కరెంటు పాయె. మళ్ళ ఆన్ జేస్తే మళ్ళ పాయె. రేపు కోర్టుల నిలబెట్టి అడిగితే నేను అబద్ధమాడాల్నా?"

"అందరూ గిట్లనే రాస్తరు, పెట్టరాదే!" అని నేను గయ్యిమన్నాను. మేడం నన్ను ఒక్క చూపుతో ఆపారు. ఆమె మొహం మాత్రం వెలిగిపోతోంది. "కూర్చో నాయనా. కరెంటు పోయిందనే రాద్దాం. మిషను ఆగకూడదని చట్టం అంటలేదు. ఆగినా లోపలి రాత మారలేదా అని అడుగుతుంది. మారిందా?"

"ఎట్ల మారుతది? కరెంటొచ్చినంక అదే ఉన్నది. మళ్ళ మొదటికెల్లి సదివిన."

"గంతే. గదే రాస్తం." నా కాగితం చింపి అవతల పడేసి, కరెంటు పోయిన సంగతి, మళ్ళీ వచ్చిన సంగతి, వచ్చాక అదే రాత కనిపించిన సంగతి అన్నీ రాయించారు. నెట్టన్న ఈసారి సంతకం పెట్టాడు. "కాగితానికి నోరు లేదు పిల్లా, దాని వెనక నిలబడే మనిషి కావాలె. ఆ మనిషి దొరికిండు" అన్నారు బయటికి వచ్చాక.

విచారణ రోజు కంపెనీ తరఫు లాయరు నున్నగా దువ్వుకుని వచ్చాడు. నెట్టన్నను నిలబెట్టి, "ఈ ఐడీ ఎవరిది?" అన్నాడు.

"సందుదండి."

"సందుదా?"

"అవ్ సార్. సందు మొత్తానిది."

హాలంతా గొల్లుమంది. లాయరు పులకించిపోయి, "అంటే ఎవరైనా ఆర్డరు పంపి ఉండొచ్చు!" అన్నాడు. "ఎట్ల పంపుతరు సార్? పాస్‌వర్డు నాకొక్కనికే తెలుసు. టైపు జేసేది నేనే, తెరిచేది నేనే, సదివేది నేనే" అన్నాడు నెట్టన్న. మేడం మెల్లగా లేచి, "సెక్షన్ అడిగేది ఈయననే" అని మళ్ళీ కూర్చున్నారు.

తర్వాత సాక్షి, సందులో ఇడ్లీ బండి పెట్టుకునే ఆమె. ఆమె ఎందుకన్నాడు లాయరు. "మెయిల్లో ఏముందో చెప్పడానికి సర్టిఫికెట్ ఉంది. ఆ మెయిలు ఆనాడే వచ్చింది, నిన్న మొన్న పుట్టించింది కాదని చెప్పడానికి ఈమె" అన్నారు మేడం.

"నీకు చదువు రాదు కదా, మెయిలు సంగతి నీకెట్లా తెలుసు?" అని లాయరు.

"ఆయన సదివితే బస్టాండు దాక ఇనబడ్తది అయ్యా. నల్లచెక్కది వస్తుందని సదివిండు. మాస్టర్ ఆ సంబురానికి నా బండి కాడ అందరికీ ఇడ్లీలు పెట్టించిండు. మా మనవరాలి పురుడు నాడే అది. ఎట్ల మర్చిపోత?"

లాయరు ఇక ఆఖరి అస్త్రం తీశాడు. "వీళ్ళ సర్టిఫికెట్‌లోనే కరెంటు పోయి మిషను ఆగిపోయిందని ఉంది. దీన్నెలా నమ్మడం?"

ఫోరం అధ్యక్షుడు కళ్ళజోడు తీసి, "ఖమ్మంలో కరెంటు పోలేదని రాస్తే నేను నమ్మేవాణ్ణి కాదు. అది రాసిండు కాబట్టే మిగతాది నమ్ముతున్న" అన్నాడు. కంపెనీ ఆ మెయిల్లో చెప్పిన క్లారినెట్టే పంపాలని ఆర్డరు వేశారు. బల్ల కింద మేడం నా చెయ్యి నొక్కిన నొప్పి సాయంత్రం దాకా ఉంది.

ఇప్పుడు నా దగ్గరికి కూడా జనం సెల్‌ఫోన్ మెసేజీలు, సీడీలు పట్టుకుని వస్తున్నారు. కాగితం చూడటానికి ముందు నేను అడిగే మొదటి మాట, ఆ రోజు కరెంటు పోయిందా అన్నదే. కొందరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. ఆ ప్రశ్న అడిగినప్పుడల్లా మేడం మీద బెంగ పుడుతుంది, వెంటనే నవ్వూ వస్తుంది. అట్లాంటి మనిషి చేతి కింద పని నేర్చుకున్నందుకు నా అదృష్టానికి నేనే దిష్టి తీసుకోవాలి.

ఆ ఏడు మాఘం ఇంకా రాకముందే కంపెనీ నుంచి పార్సిల్ వచ్చింది. మాస్టర్ దాన్ని ఇంట్లో విప్పలేదు. భార్యతో, నెట్టన్నతో, డ్రమ్ములవాళ్ళతో కలిసి నేరుగా కోర్టు ఆవరణకు తెచ్చి, "మేడం, మీ ముందటనే ఇప్పుత" అన్నాడు. భోజన విరామం వేళ. అట్ట చింపాడు. లోపల నల్లచెక్క, మీద తెల్లటి మీటలు. ముక్కలన్నీ బిగించాడు. ఊదే చోటి పుల్లను పెదవుల మధ్య తడుపుకున్నాడు. మొదటి ఊదుకు కీచుమని ఏదో వచ్చింది. భార్య గట్టిగా కళ్ళు మూసుకుంది. మాస్టర్ ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తాడు. ఈసారి బరాత్ పాట తన్నుకుని వచ్చింది. బంట్రోతు వద్దు వద్దంటూ పరుగెత్తుకొచ్చి, సగంలో ఆగి, అక్కడే తల ఊపడం మొదలుపెట్టాడు. డ్రమ్ములు అందుకున్నాయి. గుమాస్తాలు, క్లయింట్లు, భద్రాచలం నుంచి వాయిదాకొచ్చిన అడవి ఊళ్ళ వాళ్ళు అందరూ చుట్టూ చేరారు.

మేడం తన ఫైళ్ళన్నీ నా చేతుల్లో పడేశారు. చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకున్నారు. నల్లగౌను ఒక భుజం మీంచి జారిపోతున్నా పట్టించుకోకుండా, రెండు చేతులూ పైకెత్తి, మాస్టర్ ముందు గుండ్రంగా తిరుగుతూ ఆడుతున్నారు. తిరుగుతూ తిరుగుతూ నా వైపు చూసి, "ఏంది పిల్లా, గట్ల చూస్తున్నవ్? ఫైళ్ళు కింద పెట్టు, జల్దీ రా!" అన్నారు.